జోల పాడందే నిద్రపోని పిల్లవాడు: అన్నమయ్య బాల్యం ఒక అమ్మకి నేర్పిన పాఠం



ఈ వారం వీడియోలో అన్నమయ్య గారి జీవితం చెప్పుకున్నాం కదా. అందులో ఆయన చిన్నతనం గురించి రెండు మాటల్లో చెప్పి ముందుకెళ్ళిపోయాను. నిజానికి నాకు బాగా ముఖ్యం అనిపించింది ఆ చిన్నతనమే. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. ముందు మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. అది చెప్పకపోతే ఈ కథ నాకెందుకు ఇంత అవసరమైందో మీకు తెలియదు.

మా బాబుకి ఇప్పుడు మూడేళ్ళు దాటాయి. రెండున్నరేళ్ళకే గణపతి శ్లోకం ముద్దుముద్దుగా చెప్పేవాడు. నేను ఫోన్‌లో తీసి చుట్టాలందరికీ పంపేదాన్ని. అందరూ మెచ్చుకుంటుంటే నాకు ఆశ పెరిగింది. ఇంకో శ్లోకం, ఇంకో స్తోత్రం. రోజూ సాయంత్రం దేవుడి గూటి ముందు కూర్చోబెట్టి, ఒక్క మాట తప్పు పోయినా మళ్ళీ మొదటి నుంచి చెప్పించేదాన్ని. రెండుసార్లు గట్టిగా కసిరాను. ఒకసారి వాడికిష్టమైన బొమ్మ బస్సు దాచేశాను. మంచి పనే చేస్తున్నా కదా, దేవుడి మాటలే కదా నేర్పిస్తున్నది అనుకున్నాను.

దసరా సెలవులకు ముందు ఒక సాయంత్రం దీపం వెలిగించి వెనక్కి తిరిగి చూస్తే బాబు లేడు. మంచం కింద దూరి, రెండు చేతులతో చెవులు మూసుకుని ఉన్నాడు. వాడు దాక్కున్నది పుస్తకం చూసి కాదండి, ఫోన్ చూసి కాదు. దీపం చూసి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను వాడికి దేవుడిని దగ్గర చేస్తున్నానా, దూరం చేస్తున్నానా?

సెలవులకి లింగంపల్లిలో రైలెక్కి, వికారాబాద్‌లో మా అమ్మావాళ్ళింట్లో రెండు రోజులుండి, తాండూరు మా అత్తగారింటికి వెళ్ళాం. తాండూరు అంటే తెలుసుగా, ఏ ఇంట్లో చూసినా నున్నటి నాపరాయి బండలు, ఏ వంటింట్లో చూసినా కందిపప్పు. మా అత్తమ్మ ఆ బండల మీద కూర్చుని చాటలో కందులు చెరుగుతూ ఏదో పాడుకుంటోంది. బాబు పక్కన చేరాడు. ఆమె వాడికి ఏమీ నేర్పలేదు, ఏమీ అడగలేదు. పిడికెడు కందులు బండ మీద పోస్తే వాడు చిన్న చిన్న కుప్పలు పెట్టాడు. ఇవి వేంకన్న కొండలు బిడ్డా, ఏడుండాలె అంది. వాడు లెక్కపెట్టి, ఆరే ఉన్నాయని ఇంకోటి పెట్టాడు. మూడో రోజుకి ఆమె పాడే జోలలో చివరి ముక్క వాడి నోట్లో ఆడుతోంది.

ఆ పాట ఎవరిదని అడిగితే, మా అమ్మ పాడేది, ఆమెకి వాళ్ళమ్మ పాడేదట అని చెప్పింది. అది అచ్యుతుణ్ణి ఉయ్యాలలో ఊపే జోల, అన్నమయ్యదిగా మన ఇళ్ళల్లో నిలిచిపోయిన పాట. కడప సీమలో పుట్టిన మనిషి పేరుతో ఉన్న పాట, 600 ఏళ్ళ తర్వాత, తాండూరు బండల మీద ఒక పసివాడిని నిద్రపుచ్చుతోంది. అప్పుడు మొదలైంది నా చదువు.

తాతగారి దెబ్బలు

అన్నమయ్య జీవితం మనకి ఎక్కువగా తెలిసింది ఆయన మనవడి వల్ల. మనవడి పేరు చిన తిరువేంగళనాథుడు, అందరూ చిన్నన్న అనేవారు. ద్విపదలో తాతగారి చరిత్ర రాశాడు. అందులో అద్భుతాలున్నాయి, ఇంటి ముచ్చట్లూ ఉన్నాయి. భక్తితో చదివేవాళ్ళకి అద్భుతాలు, పిల్లల్ని పెంచేవాళ్ళకి ఆ ముచ్చట్లు. నాకు రెండూ కావాల్సి వచ్చాయి.

ఆశ్చర్యం ఏమిటంటే, ఆ చరిత్రలో అన్నమయ్య కంటే ముందు ఆయన తాత నారాయణయ్య బాల్యం వస్తుంది. నారాయణయ్యకి చిన్నప్పుడు చదువు అబ్బలేదు. తాళ్ళపాకలో లాభం లేదని ఊటుకూరులో బంధువుల దగ్గర పెట్టి చదివించారు. అక్కడ అయ్యవారు ఆ రోజుల పద్ధతిలో రకరకాలుగా దండించాడు. పిల్లవాడికి చదువు రాలేదు, భయం మాత్రం పెరిగింది. చివరికి ఎంత దూరం పోయిందంటే, ఊరి బయట చింతలమ్మ గుడి దగ్గర పాము ఉండే పుట్టలో చెయ్యి పెట్టాడు. పాము కరిస్తే ఈ బాధ ఉండదనుకున్నాడు.

ఇక్కడ పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. మంచం కింద చెవులు మూసుకున్న మా వాడు గుర్తొచ్చాడు. అక్కడికీ ఇక్కడికీ చాలా దూరం ఉంది, నిజమే. కానీ దారి ఒకటే అనిపించింది.

అమ్మవారు ప్రత్యక్షమై పిల్లవాడిని ఆపింది. ఎందుకు చదవలేదని నిలదీయలేదు. నీ వంశంలో మూడో తరంలో గొప్ప హరిభక్తుడు పుడతాడు, తాళ్ళపాక చెన్నకేశవస్వామిని ఆశ్రయించు, చదువు అదే వస్తుంది అని ధైర్యం చెప్పి పంపింది. పిల్లవాడు వెళ్ళాడు, చదువు వచ్చింది. దెబ్బలకి రానిది ధైర్యానికి వచ్చింది. ఆ నారాయణయ్య కొడుకే నారాయణసూరి. ఆయన కొడుకు మన అన్నమయ్య. ఆ రోజు ఆ పసివాడికి ఆ ఓదార్పు దొరక్కపోతే మనకి అన్నమయ్యే లేడు.

ఉగ్గుగిన్నెలో వేంకటేశుడు

అన్నమయ్య 1408లో, వైశాఖ మాసంలో, విశాఖ నక్షత్రంలో తాళ్ళపాకలో పుట్టాడు. ఈ ఊరు కడప సీమలో, రాజంపేట దగ్గర. ఇప్పుడు ఆ దారిలో వెళ్తే 108 అడుగుల అన్నమయ్య విగ్రహం కనిపిస్తుంది. తండ్రి నారాయణసూరి పండితుడు. తల్లి లక్కమాంబ తన పుట్టింటి వైపు మాడుపూరు మాధవస్వామిని నమ్ముకున్న మనిషి.

పసితనం గురించి చిన్నన్న చెప్పిన మాటలు చాలా కొద్ది. తిరుమలప్ప ప్రసాదం అని చెబితేనే బిడ్డ ఉగ్గు తాగేవాడట. వేంకటపతి మీద జోల పాడితేనే నిద్రపోయేవాడట. వేంకటేశుడికి మొక్కమంటే మొక్కేవాడట.

మొదట చదివినప్పుడు ఇదొక అవతార పురుషుడి మహిమ అనుకున్నాను. మళ్ళీ చదివినప్పుడు ఆ గదిలో ఉన్న తల్లి కనిపించింది. బిడ్డకి ఉగ్గు ఎవరు పడుతున్నారు? ప్రసాదం అని ఎవరు చెబుతున్నారు? వేంకటపతి మీద జోల ఎవరు పాడుతున్నారు? బిడ్డ అలవాటు వెనక పెద్దవాళ్ళ అలవాటు ఉంది. వాళ్ళు పూజకంటూ వేరే క్లాసు పెట్టలేదు. ఎలాగూ తినిపించాలి, ఎలాగూ నిద్రపుచ్చాలి. ఆ పనిలోనే స్వామి పేరు కలిపారు, పాలల్లో పటిక బెల్లం కలిపినట్టు. ఆకలి తీరినప్పుడల్లా, నిద్ర ముంచుకొచ్చినప్పుడల్లా వినిపించిన పేరు బిడ్డకి అమ్మ ఒళ్ళంత వెచ్చగా ఉంటుంది కదా. నేను మా వాడికి ఆ పేరుని కసురుతో, దాచేసిన బొమ్మతో కలిపి ఇచ్చాను. తేడా అంతా అక్కడే వచ్చింది.

తెగిన చిటికెన వేలు

అన్నమయ్య పెరిగిన ఇల్లు మాత్రం పూలపాన్పు కాదు. పెద్ద ఉమ్మడి కుటుంబం. పిల్లవాడు ఎప్పుడూ పాటల్లో మునిగి ఉంటాడు, పని చెయ్యడు అని ఇంట్లోవాళ్ళు విసుక్కునేవారు. ఒకరోజు పశువులకి గడ్డి కోసుకు రమ్మని పంపారు. అలవాటు లేని చేతికి కొడవలి తగిలి చిటికెన వేలు తెగింది. నెత్తురు చూసి ఏడ్చాడు. ఆ సమయంలోనే తిరుమల వెళ్ళే యాత్రికుల గుంపు గోవింద నామం చెప్పుకుంటూ అటు వచ్చింది. పిల్లవాడు కొడవలి అక్కడే వదిలేసి వాళ్ళ వెంట నడిచాడు.

ఈ సన్నివేశాన్ని మనం సాధారణంగా వైరాగ్యం అని చెప్పుకుంటాం. నాకు ఇంకోటి కూడా కనిపించింది. నొప్పి కలిగినప్పుడు పిల్లవాడి కాళ్ళు ఎటు వెళ్ళాయో చూడండి. పసితనంలో ఉగ్గుతో, జోలతో ఎవరి పేరు విన్నాడో వాళ్ళ దగ్గరికే వెళ్ళాయి. కష్టం వచ్చినప్పుడు మన పిల్లలు ఎటు పరిగెత్తుతారు? దేవుడి వైపా, మంచం కిందికా? అది మూడేళ్ళ లోపే మొదలవుతుందని నాకిప్పుడు గట్టిగా అనిపిస్తోంది.

చెప్పులు విప్పమన్న అమ్మ

కొండ ఎక్కుతుంటే మోకాళ్ళ పర్వతం దగ్గర పిల్లవాడికి ఓపిక అయిపోయింది. ఆకలి, ఎండ. వెదురు పొద నీడలో ఒక బండ మీద పడి నిద్రపోయాడు. కాళ్ళకి చెప్పులున్నాయి. అలమేలుమంగమ్మ ఒక పెద్ద ముత్తయిదువ రూపంలో వచ్చి లేపింది. ఈ కొండంతా సాలగ్రామాలు నాయనా, చెప్పులతో ఎక్కకూడదు అని చెప్పి విప్పించింది. తర్వాత ప్రసాదం పెట్టి ఆకలి తీర్చింది.

నియమం చెప్పింది, కానీ అవమానించలేదు. తప్పు సరిదిద్దింది, ఆ వెంటనే అన్నం పెట్టింది. కడుపు నిండిన ఆ పిల్లవాడి నోట అమ్మవారి మీద శతకం వచ్చిందని చరిత్ర. పిల్లలతో నియమం ఎలా చెప్పాలో ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఇప్పుడు మా ఇంట్లో దేవుడి గది ముందు చెప్పులు విప్పడం ఒక ఆట. చెప్పులు రెండూ జోడీగా పెడితే అవి నిద్రపోతాయని మా వాడి నమ్మకం.

తిరుమలలో ఘనవిష్ణువు అనే యతి ఆయనకి వైష్ణవ దీక్ష ఇచ్చాడు. కొడుకుని వెతుక్కుంటూ లక్కమాంబ కొండకి వచ్చింది. గురువు మాట మీద అన్నమయ్య తల్లితో ఇంటికి తిరిగొచ్చాడు. తిమ్మక్క, అక్కలమ్మలతో పెళ్ళయింది. అహోబిలంలో శఠకోప యతి దగ్గర వేదాంతం చదువుకున్నాడు. సన్యాసిగా కాదు, ఇల్లు, భార్యలు, పిల్లలు, మనవలు ఉన్న గృహస్థుగానే బతికాడు. ఈ సంగతి మనం మర్చిపోతుంటాం. ఆయన జోలపాటలు ఉయ్యాల ఊపిన ఇంట్లోంచి వచ్చాయి.

ఇంటి పనికి దేవుడి పాట

పదహారో ఏట, 1424లో మొదలుపెట్టి, 1503లో ఫాల్గుణ బహుళ ద్వాదశి నాడు కన్నుమూసేదాకా ఆయన పాటలు కడుతూనే ఉన్నాడని తిరుమలలో దొరికిన రాగిరేకులు చెబుతున్నాయి. 79 ఏళ్ళు! మొత్తం 32,000 సంకీర్తనలని లెక్క. ఇప్పుడు మనకి మిగిలినవి 12,000కు పైగా.

వాటిలో వేదాంతం ఉంది, శృంగారం ఉంది. వాటితో పాటు మన నానమ్మల పాటల వరసలన్నీ ఉన్నాయి. బిడ్డని ఊపేటప్పుడు జోల, లాలి, ఉయ్యాల. వడ్లు దంచేటప్పుడు సువ్వి. సంక్రాంతికి గొబ్బి. ఆడుకోవడానికి కోలాటం. పెళ్ళిలో నలుగు. పొద్దున్నే మేలుకొలుపు. అన్నం తినిపించేటప్పుడు చందమామని పిలిచే పాట. యశోద ముంగిట్లో ఆడే కృష్ణుణ్ణి ముత్యం, వజ్రం, వైడూర్యం అని ఒక్కో రత్నంతో పోల్చిన కీర్తన మీలో చాలామందికి వచ్చు. గమనించారా, ఇవన్నీ పనుల పాటలు, ఆటల పాటలు. జనం నోళ్ళలో ముందే ఉన్న వరసల్ని ఆయన తీసుకుని అందులో వేంకటేశుణ్ణి కూర్చోబెట్టాడు. రోలు దగ్గరికీ, ఉయ్యాల దగ్గరికీ, పెరట్లోకీ దేవుణ్ణే పిలిచాడు.

రాజు పిలిస్తే మాత్రం ఆయన పాట కదలలేదు. సాళువ నరసింహరాయలు ఆయన్ని గౌరవించి ఆస్థానానికి తీసుకెళ్ళాడు. స్వామి మీద పాడినట్టే తన మీద కూడా ఒక పాట కట్టమన్నాడు. హరిని పాడిన నోటితో నరుణ్ణి పాడనని అన్నమయ్య చెప్పేశాడు. రాయలు కోపంతో సంకెళ్ళు వేయించాడు. ఆయన స్వామిని తలుచుకుని పాడితే సంకెళ్ళు ఊడిపోయాయని, రాయలు క్షమాపణ అడిగాడని చిన్నన్న రాశాడు. ఈ నరసింహరాయలే 1485లో విజయనగర సింహాసనం ఎక్కాడు. ఇది చదివినప్పుడు నాకు కొంచెం సిగ్గేసింది. మా వాడు ఎవరి కోసం శ్లోకం చెబుతున్నాడు? స్వామి కోసమా, నా ఫోన్‌లో వచ్చే మెచ్చుకోళ్ళ కోసమా? రాజుకి కూడా పాట ఇవ్వని మనిషిని పూజిస్తూ, పిల్లవాడి పాటని నేను అందరికీ చూపించుకుంటున్నాను.

ఒక ఇల్లు, మూడు తరాలు

పాట ఆ ఇంట్లో ఎలా పాకిందో చూడండి. భార్య తిమ్మక్క సుభద్రా కళ్యాణం రాసింది. ఆమెని తొలి తెలుగు కవయిత్రిగా చెప్పుకుంటాం. కొడుకు పెదతిరుమలాచార్యుడు తనూ సంకీర్తనలు రాశాడు, తండ్రి పాటల్ని రాగిరేకుల మీద చెక్కించే పని నడిపించాడు. మనవడు చినతిరుమలాచార్యుడూ వాగ్గేయకారుడే. తాత సంస్కృతంలో రాసిన సంకీర్తన లక్షణాన్ని తెలుగులోకి తెచ్చాడు. ఇంకో మనవడు చిన్నన్న తాతగారి కథ రాశాడు. పాట గాలిలా ఉన్న ఇంట్లో పిల్లలు దాన్ని పీల్చుకునే పెరిగారు.

ఆ రాగిరేకులు తిరుమల గుడిలో ఒక చిన్న అరలో ఎన్నో ఏళ్ళు ఎవరికీ పట్టకుండా ఉండిపోయాయి. 20వ శతాబ్దంలో అవి బయటికొచ్చాక వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ లాంటి పండితులు శ్రమపడి పరిష్కరించారు. రేకులు చీకట్లో ఉన్నంత కాలం కూడా కొన్ని పాటలు మాత్రం ఆగలేదు. వాటిని అమ్మలు మోశారు. మా అత్తమ్మ వాళ్ళమ్మ లాంటివాళ్ళు, పుస్తకం చూడకుండా, ఎవరిదో కూడా తెలియకుండా.

ఇప్పుడు మా ఇంట్లో

తిరుగు ప్రయాణంలో వికారాబాద్‌లో దిగి అనంతగిరి వెళ్ళాం. అనంతపద్మనాభస్వామి గుడి మెట్ల మీద బాబు ఒక్కో మెట్టుకీ గోవిందా అన్నాడు. నేను చెప్పించలేదు, వాడికి వాళ్ళ నానమ్మ అలవాటు చేసింది. ఇరవై దాటాక లెక్క తప్పింది, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు. ఈసారి మొదటికి వెళ్ళింది వాడే, నవ్వుతూ. ఈ కొండలోనే మూసీ పుట్టి మన హైదరాబాద్ దాకా వస్తుంది. తాండూరు పక్కన పారే కాగ్నా కూడా ఈ కొండల్లోదే. నీళ్ళ చుక్కకి పోటీ పెడితే నది అవుతుందా చెప్పండి?

ఇంటికొచ్చాక కొన్ని మార్చుకున్నాను. సాయంత్రం దీపం వెలిగిస్తాను, బాబుని పిలవను. వస్తే వస్తాడు. మొదటి వారం రాలేదు. గుమ్మం దగ్గర నిలబడి చూసి వెళ్ళిపోయేవాడు. నాకు ఏడుపొచ్చేది, కానీ ఆగాను. స్నానం చేయించేటప్పుడు కృష్ణుడి పాట. అన్నం పెట్టేటప్పుడు మొదటి ముద్ద స్వామికి చూపించి ప్రసాదం అంటాను. తాండూరు నుంచి తెచ్చిన కందులతో ఏడుకొండలు పెట్టుకుంటాం. నోట్లో, ముక్కులో పెట్టుకోకుండా పక్కనే కూర్చోవాలి, అది మాత్రం మర్చిపోకండి. రాత్రి జోల. నా గొంతు బాగుండదు. వాడికి ఆ సంగతి తెలియదు. వీడియో తీయడం మానేశాను.

శ్లోకాలు నేర్పించడం తప్పని నేననను. వాడు పెద్దయ్యాక నేర్చుకుంటాడు, గురువు దగ్గర కూర్చుంటాడు. అన్నమయ్య కూడా అహోబిలంలో కూర్చుని చదువుకున్నాడు కదా. కానీ ముందు జోల, తర్వాతే చదువు.

చివరిగా ఒక్కటి. తిరుమలలో రోజంతా అన్ని సేవలూ అయ్యాక, రాత్రి ఏకాంతసేవ జరుగుతుంది. భోగ శ్రీనివాసమూర్తిని ఉయ్యాల మంచం మీద పడుకోబెట్టి, తాళ్ళపాక వంశంవారు అన్నమయ్య లాలి పాడతారు. ధనుర్మాసంలో ఆ సేవ చిన్ని కృష్ణుడికి జరుగుతుంది. వేంకటపతి జోల వింటేనే నిద్రపోయిన పసివాడు పెరిగి పెద్దవాడై, ఆ వేంకటపతికే జోల కట్టాడు. లక్కమాంబ ఇంట్లో మొదలైన జోల ఇంకా ఆగలేదు.

నిన్న సాయంత్రం దీపం వెలిగించి కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి బాబు పక్కన కూర్చుని, తన బొమ్మ బస్సుని దేవుడి గూటి ముందు పడుకోబెట్టి, మెల్లగా జో కొడుతున్నాడు.

ఈ రాత్రి మీ పిల్లలకి ఒక్క జోల పాడి చూడండి. గొంతు గురించి ఆలోచించకండి.

ఓం నమో వేంకటేశాయ.